మీ మంచికే చెబుతున్నాం

ఏడవడంలో మైనాని మించినవాళ్లు ఆ డబ్బింగ్ థియేటర్లో లేరు. భర్తని పోగొట్టుకున్న కథానాయిక అయినా, తప్పిపోయిన పిల్ల దొరికిన తల్లి అయినా, తెర మీద పెదవులు వణకగానే చీకటి గదిలో మైకు ముందు మైనా గొంతు వణికేది. కంట్లో మాత్రం చుక్క నీరుండేది కాదు. సీను అవగానే ఫ్లాస్కులోంచి వేడినీళ్లు ఒంపుకుని, "తర్వాత ఎవరండీ పోయేది?" అని అడిగేది. అద్దం వెనక సౌండ్ ఇంజినీరు పడీపడీ నవ్వేవాడు.

మైనా ఆమె అసలు పేరు కాదు. చిన్నప్పుడు ఇంటికి ఎవరొచ్చి వెళ్లినా, వాళ్లు వీధి మలుపు తిరిగేలోపు వాళ్ల గొంతుతో మాట్లాడేసేది. అది చూసి అక్క పెట్టిన పేరు. తల్లి పోయాక అక్కే పెంచింది, అక్క పెట్టిన పేరే నిలిచింది. ఎన్ని సినిమాల్లో ఎంతమందికి గొంతిచ్చినా, తెర మీద ఆ పేరు వచ్చేసరికి జనం లేచి చెప్పులు వెతుక్కుంటూ ఉండేవారు. దానికి మైనా ఎప్పుడూ బాధపడలేదు. బాధపడలేదనే అందరికీ చెప్పేది.

ఇంతలో ఆ గోడల సినిమా వచ్చింది.

పరాయి భాష సినిమా. రాబోయే కాలంలో ఒక నగరం. చుట్టూ ఆకాశాన్ని అంటే గోడ, లోపల జనమందరికీ బూడిదరంగు బట్టలు, ప్రతి వీధి మలుపులో ఒక స్పీకరు. ఎప్పుడు లేవాలో, ఎప్పుడు తలుపులు వేసుకోవాలో, ఎవరితో మాట మానెయ్యాలో ఆ స్పీకర్లోంచి ఒక ఆడగొంతు చెబుతూ ఉంటుంది. మనిషి ఎక్కడా కనపడదు. పెదవులు కలపాల్సిన పని లేదు కదా, పూటలో అయిపోతుందనుకుంది మైనా. గొంతు బిగించి, కళ్లెర్రజేసి, గయ్యాళి అత్త పాత్రకి చెప్పినట్టు మొదలుపెట్టింది.

మాటల రచయిత చెయ్యెత్తి ఆపేశాడు. పెన్సిలు చెవి మీద పెట్టుకుని మైకు దగ్గరికి వచ్చాడు.

"అమ్మా, ఆవిడ రాక్షసి కాదు. ఆవిడకి ఎవరి మీదా కోపం లేదు. జ్వరంతో ఉన్న పిల్లకి మందు మింగిస్తున్నట్టు చెప్పండి."

మైనా కళ్లు మూసుకుంది. కాసేపటికి లోపల ఎక్కడినుంచో మెత్తగా ఒక గొంతు పైకొచ్చింది. "మీ మంచికే చెబుతున్నాం. తలుపులు వేసుకోండి. ఏం కాదు, పడుకోండి."

సౌండ్ ఇంజినీరు అద్దానికి చెయ్యి ఆనించి చూపించాడు. రోమాలు నిక్కబొడుచుకుని ఉన్నాయి.

సినిమా విరగబడి ఆడింది. దాంతో పాటు ఆ మాటా ఊరంతా పాకింది. బస్సు కండక్టరు, "మీ మంచికే చెబుతున్నాం, లోపలికి జరగండి" అనేవాడు. అన్నం తినని పిల్లలకి తల్లులు అదే మాట. ఫోన్లలో అదే మోత. మైనా ఫొటో మొదటిసారి పేపర్లో పడింది. భర్త దాన్ని కత్తిరించి తన మందుల షాపులో, దగ్గు మందు సీసాల పైన అంటించాడు. మందుల కోసం వచ్చినవాళ్లు, "మీ ఆవిడేనా? ఇంట్లో కూడా అలాగే మాట్లాడతారా?" అని అడిగేవారు. "ఇంట్లో స్పీకరు అక్కర్లేదండీ" అనేవాడాయన. సినిమా రెండో భాగం తీశారు, అదీ ఆడింది.

కూతురు చదివే కాలేజీలో సినిమా క్లబ్బు ఉంది. ఆ సినిమా వేసి, తర్వాత మాట్లాడ్డానికి మైనాని పిలిచారు. మైనా మంచి చీర కట్టుకుని వెళ్లి, వేదిక మీద కూర్చుంది. పక్కన సన్నగా, పొడుగ్గా ఒక లెక్చరరు.

"ఇలాంటి సినిమాలు భవిష్యత్తు గురించి అనుకుంటాం" అన్నాడు లెక్చరరు. "కాదు. నిన్నటి పేపరు గురించి. పేపర్లో వస్తే మడిచి పక్కన పెడతాం. వందేళ్ల తర్వాత జరుగుతుందని తెర మీద చూపిస్తే ఊపిరి బిగబట్టి చూస్తాం. అందుకే అధికారంలో ఉన్నవాళ్లకి ఈ సినిమాలంటే భయం."

కూతురు లేచింది. ఇంట్లో కూర గురించి కూడా వాదించకుండా తినని పిల్ల, ఇక్కడ ఊరుకుంటుందా.

"భయమెందుకు సార్? నాకైతే ఇవి మనల్ని జోకొడతాయనిపిస్తుంది. హాల్లో ఉన్న ప్రతివాడూ తిరగబడే హీరో పక్కనే నిలబడతాడు. చప్పట్లు కొడతాడు. బయటికొచ్చి, హమ్మయ్య, మన వీధిలో ఇంకా గోడ లేదు అనుకుని ఐస్‌క్రీమ్ తిని ఇంటికెళ్తాడు. తిరగబడ్డం అక్కడికి అయిపోయింది. మరి ఆ సినిమాలో తలవంచుకుని నడిచే మిగతా జనమంతా ఎవరు? వాళ్ల పక్కన ఎవరూ కూర్చోరేం?"

అందరూ చప్పట్లు కొట్టారు. మైనా అందరికంటే గట్టిగా కొట్టింది. అప్పుడు వెనక వరసలోంచి, కళ్లజోడు పిల్ల ఒకతె చెయ్యెత్తింది.

"మేడమ్, స్పీకర్లో మాట్లాడే ఆవిడకి ఇల్లుంటుందా? అంటే... తను ఏం చదువుతోందో తనకి తెలుసా?"

మైనా మైకు దగ్గరికి లాక్కుని, "ఆవిడ మనిషి కాదమ్మా, మెషీను. మెషీనుకి ఇల్లెందుకు, ప్లగ్గు చాలు" అంది.

హాలు హాలంతా గొల్లుమంది. ఆ పిల్ల కూడా నవ్వి కూర్చుంది. ఆ జవాబుని మైనా ఇంటికొచ్చి భర్తకి చెప్పింది, మర్నాడు థియేటర్లో చెప్పింది, ఫోనులో అక్కకి చెప్పింది. అక్క సినిమా చూడలేదు కాబట్టి పెద్దగా నవ్వలేదు. "మా వీధిలో టేపులు పట్టుకుని ఎవరో కొలుస్తున్నారే, ఏమిటో" అంది. "రోడ్డు వేస్తారేమోలే" అంది మైనా.

పాత బట్టల మిల్లు వెనక, కాలవ వెంబడి ఉన్న వరస ఇళ్లలో అక్క ఉండేది. మిల్లు నడిచిన రోజుల్లో కార్మికుల కోసం కట్టిన ఇళ్లు అవి. బావ అక్కడే మగ్గాల మీద పనిచేసి పోయాడు. ముందు గదిలో కుట్టు మిషను, వెనక గదిలో వంట, మంచం. మైనా పెరిగింది కూడా ఆ ఇంట్లోనే. ఆ ముందు గదిలో, మిషను చప్పుడులో.

కొన్నాళ్లకి ఒక ఆఫీసరు డబ్బింగ్ థియేటరుకి వచ్చాడు. నగర పాలనకి సంబంధించిన ఏదో విభాగం. ఇస్త్రీ చొక్కా, మెత్తని మాట.

"మా పిల్లలు మీ ఫ్యాన్స్ మేడమ్. మీ చేత కొన్ని ప్రకటనలు చదివించాలని. ప్రజలకి ఉపయోగపడేవి."

మొదట చదివించినవి మంచినీళ్ల వేళలు, పిల్లలకి టీకాలు, రోడ్డు మరమ్మతులు. మైనా గొంతు వీధుల్లో తిరిగే వ్యానుల్లోంచి వినపడుతుంటే జనం ఆగి నవ్వుకునేవారు, నవ్వుకుంటూనే వినేవారు. తర్వాత ఒకరోజు ఆఫీసరు ఇంకో కాగితం తెచ్చాడు.

"ఈ ప్రాంత నివాసులకు విజ్ఞప్తి. మీ భద్రత కోసం ఈ ఇళ్లను ఖాళీ చేయవలసి ఉంది. అవసరమైన సామాన్లు మాత్రమే తీసుకోండి. సిబ్బందికి సహకరించండి."

మైనా ఒకసారి పైకి చదువుకుంది. "ఈ ప్రాంతం అంటే ఏ ప్రాంతమండీ?"

"ఎక్కడ అవసరమైతే అక్కడ మేడమ్. వరదలు రావచ్చు, పాత భవనాలు కూలచ్చు. ముందుగా ఒకటి చేసి పెట్టుకుంటే మంచిది కదా." ఆయన కాస్త మొహమాటపడుతూ నవ్వాడు. "చివర్లో సినిమాలోని ఆ మాట కూడా కలిపితే బాగుంటుంది. జనానికి అలవాటైన మాట."

టేపులు పట్టుకుని కొలిచేవాళ్ల సంగతి అప్పుడు మైనా తలలోకి వచ్చింది. వచ్చిన మాట నిజం. చెవి దగ్గర ఈగ ముసిరినట్టు ఒకసారి తిరిగింది. మైనా తల విదిలించి హెడ్‌ఫోన్స్ పెట్టుకుంది.

చదివింది. సౌండ్ ఇంజినీరు బొటనవేలు ఎత్తాడు. "ఓకే అండీ, బాగా వచ్చింది." ఆఫీసరు కూడా లేవబోయాడు.

"ఉండండి" అంది మైనా. "'అవసరమైన సామాన్లు' దగ్గర కొంచెం కరుకుగా పడింది. ఇంకోటి చేద్దాం."

రెండోది నిజంగానే బాగా వచ్చింది.

వ్యాను మిల్లు వెనక వీధికి ఒక మధ్యాహ్నం పూట వచ్చింది. ఆ సమయానికి కూతురు అక్కడే ఉంది. కొత్తగా కొన్న చొక్కా వదులుగా ఉందని పెద్దమ్మ చేత కుట్టించుకోవడానికి వెళ్లింది. మైనా థియేటర్లో ఎవరో మహారాణికి నవ్వు చెబుతోంది. విరామంలో ఫోను మోగింది. కూతురు. మైనా "ఏమిటే?" అంది. అవతల కూతురు మాట్లాడలేదు. ఫోనుని చెయ్యి చాచి వీధి వైపు పట్టుకున్నట్టుంది. మోటారు చప్పుడు, పిల్లల అరుపులు, వాటన్నిటి పైనుంచి మైనాకి తన గొంతు వినపడింది. ఎంత మెత్తగా ఉందో. 'అవసరమైన సామాన్లు' దగ్గర ఎక్కడా కరుకు లేదు.

ఆమె వెళ్లేసరికి వీధి మొదట్లో బుల్‌డోజరు ఆగి ఉంది. సిబ్బంది నీడలో కూర్చుని టీ తాగుతున్నారు. వ్యాను నత్తలా ముందుకీ వెనక్కీ తిరుగుతోంది. దాని వెంట పిల్లలు గుంపుగా పరిగెడుతూ, స్పీకరుతో గొంతు కలిపి "మీ మంచికే చెబుతున్నాం" అని అరుస్తూ విరగబడి నవ్వుతున్నారు. మూడో భాగం వస్తోందని, ఇది దాని ప్రచారమని మొదట అందరూ అనుకున్నారట. తలుపులకి నోటీసులు అంటించడం మొదలుపెట్టాక గానీ పెద్దవాళ్ల మొహాల్లో నవ్వు పోలేదు. అప్పటికి కూడా కొందరు నవ్వుతూనే మూటలు కడుతున్నారు. ఆ మాటకి అలవాటుపడిన నవ్వు, ఆగమంటే ఆగదు.

అక్క మిషను ముందు కూర్చుని కుడుతూనే ఉంది. చుట్టూ ఇవ్వాల్సిన బట్టలు.

"ఎవరి బట్టలు వాళ్లకి ఇచ్చెయ్యాలి కదే" అంది, తలెత్తకుండా. "చొక్కా సగం కుట్టి ఎవరికి అంటగడతాను?"

"అక్కా."

"ఆ గొంతు నీదేనా?"

"నాదే."

"అనుకున్నా." అక్క దారం కొరికింది. "మూడు వీధుల అవతల ఉండగానే తెలిసింది. నీకు జ్వరం వచ్చినప్పుడు నేను అలాగే చెప్పేదాన్ని. ఏం కాదు, పడుకో, అని. మందు చేదుగా ఉంటే ఉమ్మేసేదానివి. అలా చెబితేనే మింగేదానివి."

మైనా గడపలోనే నిలబడిపోయింది. ఎక్కడినుంచి వచ్చిందో తెలియదని ఇన్నాళ్లూ అనుకుంటూ వచ్చిన గొంతు. తెలియకేం, తెలుసు. తెలిసీ, అడిగినవాళ్లందరికీ "అదంతా ప్రాక్టీసండీ" అని చెప్పింది. మొహం మంటెత్తింది. చీర కొంగుతో తుడుచుకుంటే చెమట తప్ప ఏమీ రాలేదు. ఎవరెవరి చావులకో వణికిన గొంతు ఇప్పుడు ఒక్క మాటకి కూడా పెగల్లేదు.

కూతురు గుమ్మం పక్కన గోడకి ఆనుకుని చూస్తోంది. కోపంగా లేదు. అదే భరించలేకపోయింది మైనా.

"నాకు తెలీదే" అంది.

"నువ్వడగలేదా అమ్మా?"

"అడిగాను."

"ఏమన్నారు?"

మైనా విసురుగా వీధిలోకి వెళ్లి వ్యానుకి అడ్డంగా నిలబడింది. డ్రైవరు హారను కొట్టి, ఆమెని గుర్తుపట్టి, బిత్తరపోయి రికార్డు ఆపాడు. జనం చుట్టూ మూగారు.

"వినండి! ఇందులో ఉన్నది నా గొంతు. నేనే చదివాను. డబ్బులు తీసుకుని చదివాను. ఎవరి ఇళ్లు, ఎక్కడికి పొమ్మంటున్నారు, అవేమీ నాకెవరూ చెప్పలేదు. నేనూ గట్టిగా అడగలేదు. మీరు దీని మాట వినకండి. కదలకండి!"

గుంపులోంచి ఎవరో, "అరే, ఆవిడే! నిజంగా ఆవిడే!" అన్నారు. ఫోన్లు పైకి లేచాయి. చంకలో పిల్లాడితో ఉన్న ఒక ఆడమనిషి ముందుకు తోసుకొచ్చి, "అక్కయ్యగారూ, ఒక్కసారి ఆ మాట అనండి, మావాడు వింటాడు" అంది. ఆమె ఇంటి తలుపు మీద నోటీసుకి ఇంకా జిగురు ఆరలేదు. వెనకనుంచి ఒక కుర్రకారు గుంపు, "మైనా! మైనా!" అని చప్పట్లు మొదలుపెట్టారు. మైనా చేతులు జోడించింది. అదీ అభివాదం అనుకుని ఇంకా గట్టిగా కొట్టారు.

సాయంత్రానికి ఆఫీసరుకి ఫోను చేసింది. ఆయన మర్యాదలో ఇసుమంత తేడా లేదు.

"మీరేం తప్పు చెయ్యలేదు మేడమ్. ఇంతకుముందు ఇలాంటి పనికి వెళ్తే రాళ్లు పడేవి, తలలు పగిలేవి. మీ గొంతు పుణ్యమా అని ఇవాళ ఒక్క లాఠీ లేవలేదు. జనం నవ్వుతూ సర్దుకున్నారు. మేమంతా మీకు ఎంత రుణపడి ఉన్నామో."

"నా గొంతు తీసెయ్యండి."

"అది ఇప్పుడు మాది కదా మేడమ్" అన్నాడు, జాలిగా.

భర్త ఆ రాత్రి భోజనాల దగ్గర ఓదార్చబోయాడు. "నువ్వు కాకపోతే ఇంకొకరు చదివేవారు." ఆ మాట అబద్ధం కాదు. కానీ ఆ ఇంకొకరు రెండో టేకు అడిగేవారా అన్నది మైనా పైకి అనలేకపోయింది. కంచంలో చెయ్యి కడిగేసుకుంది.

అక్క ఉన్న వరసని మర్నాడే పడగొట్టారు. మిగతా వరసలవాళ్లు మిల్లు కార్మికుల పాత సంఘంలో పనిచేసిన ఒక లాయరమ్మని పట్టుకుని కోర్టుకెక్కారు. లాయరమ్మ నేరుగా మైనా ఇంటికి వచ్చింది.

"అభ్యంతరాలు చెప్పుకోవడానికి జనానికి గడువిచ్చాం, అవన్నీ విన్నాకే నిర్ణయం తీసుకున్నాం అని నగర పాలనవాళ్లు కోర్టుకి రాసిచ్చారు. కానీ మీ చేత ఖాళీ చెయ్యమని చదివించింది అంతకు ముందే కదా?"

"ముందే."

"అది కోర్టులో చెప్పాలి. చెబితే మీకు పేరేమీ రాదు. పైగా వాళ్ల లాయరు ఊరుకోడు."

మైనా వెళ్లింది. కోర్టు గదిలో ఫ్యాను కిర్రుమంటోంది. వెనక బల్లల మీద వీధివాళ్లు, వాళ్ల మధ్య అక్క, పక్కన కూతురు. లాయరమ్మ అడిగినవాటికి తడుముకోకుండా జవాబులు చెప్పింది. తర్వాత అవతలి లాయరు లేచాడు.

"మిమ్మల్ని ఎవరైనా బెదిరించారా?"

"లేదండీ."

"కాగితం ముందే చదువుకున్నారా?"

"చదువుకున్నానండీ."

"మొదటిసారి చదివింది బాగుందని మీ సౌండ్ ఇంజినీరు, మా అధికారి ఇద్దరూ అన్నారట. రెండోసారి చదువుతానని మీరే అడిగారట. నిజమేనా?"

"నిజమేనండీ."

"ఎందుకడిగారు?"

ఎన్నో అబద్ధాలు మైనా నోటికొచ్చాయి. గొంతు బొంగురుపోయిందని, మైకులో చప్పుడొచ్చిందని. ఏదన్నా నమ్ముతారు. ఏ అబద్ధాన్నయినా నమ్మించగల గొంతు ఆమెది.

"బాగా రావాలని" అంది.

గదిలో ఎవరూ నవ్వలేదు. ఎవరైనా నవ్వితే బాగుండుననిపించింది. వెనక్కి తిరిగి చూడకూడదనుకుంటూనే చూసింది. అక్క తన ఒళ్లోని సంచీ పట్టీని సరిచేసుకుంటోంది. కూతురు మాత్రం సూటిగా ఆమె వైపే చూస్తోంది.

మిగతా వరసల కూల్చివేతని కోర్టు ఆపింది. కనీసం విచారణ తేలేదాకా. వీధివాళ్లు లాయరమ్మకి దండలు వేశారు. మైనాని ఎవరూ ఏమీ అనలేదు, మంచీ చెడూ. చంకలో పిల్లాడితో ఉన్న ఆ తల్లి మాత్రం మెట్ల మీద ఎదురై, గుర్తుపట్టి, చూపు తిప్పుకుంది. ఈసారి ఏ మాటా అనమని అడగలేదు.

అక్క కొంతకాలం మైనా ఇంట్లోనే ఉంది. కుట్టు మిషను బాల్కనీలో. ఒక్కనాడూ నిష్ఠూరం ఆడలేదు. పప్పులో ఉప్పెక్కువైందని తిట్టేది, ఆరేసిన బట్టలు మడతపెట్టడం చేతకాదని తిట్టేది. ఆ ప్రకటన గురించి మాత్రం మాట్లాడేది కాదు. మైనా ఆ తిట్లలో అసలు తిట్టు కోసం వెతుక్కునేది. దొరికేది కాదు.

ఒక ఆదివారం పగటిపూట అక్క, "ఆ సినిమా పెట్టండే, చూస్తాను" అంది.

మైనా, కూతురు మొహమొహాలు చూసుకున్నారు. వద్దనడానికి కారణం దొరకలేదు. కూతురు టీవీలో పెట్టింది. మైనా కుర్చీ కొసన కూర్చుంది. తెర మీద గోడ, బూడిదరంగు జనం, స్పీకర్లు. తన గొంతు మొదటిసారి వినపడగానే మైనాకి లేచి వంటింట్లోకి పారిపోవాలనిపించింది. అక్క మాత్రం చిన్నపిల్లలా నోరు తెరుచుకుని చూసింది. హీరో అన్నం కోసం వరసలో నిలబడితే పాపం అంది, వాడి స్నేహితుడు పట్టిచ్చేస్తే వెధవ అంది. చివరికి హీరో నడివీధిలో ఇనపకడ్డీ ఎత్తాడు. ఏ థియేటర్లో అయినా జనం ఈలలతో కప్పు ఎగరగొట్టే చోటు అది. కూతురి వేళ్లు అలవాటుకొద్దీ పెదాల దాకా వెళ్లి ఆగాయి. కడ్డీ దెబ్బకి స్పీకరు రెండుగా చీలింది. లోపలి గొంతు ముక్కలు ముక్కలై, "ఏం... కాదు... ప...డు..." అని గరగరలాడి ఆగిపోయింది.

"అయ్యో!" అంది అక్క.

అని, చటుక్కున చెయ్యి చాచి మైనా మోకాలు పట్టుకుంది. కళ్లు తెర మీదే ఉన్నాయి. తనేం అందో తనకి తెలిసినట్టు లేదు. కూతురు టీవీ కట్టేసి లేచి వెళ్లింది. మైనా ఆ చేతి కింద కాలు కదపకుండా అలాగే కూర్చుంది. తిట్టు కోసం అన్నాళ్లు వెతికిన మనిషికి ఈ ఒక్క మాట తట్టుకోవడం చేత కాలేదు.

మూడో భాగానికి పిలుపు వచ్చింది. మైనా రానంది. "ఏమైందమ్మా?" అని మాటల రచయిత ఎంతో అడిగాడు. గొంతు ఉంది, ఆ గొంతు లేదంది. ఎవరో కొత్తమ్మాయి చేత చెప్పించారు. అచ్చం మైనాలాగే చెప్పిందట, తేడా ఎవరూ పట్టుకోలేదట. వ్యానుల్లో పాత రికార్డు ఇంకా తిరుగుతూనే ఉంది. దూరం నుంచి వినపడితే మైనా సందు మారేది. మహారాణులకి, అత్తలకి, ఏడుపులకి మళ్లీ పనిచేస్తోంది. ఏ కాగితం ఇచ్చినా ఇప్పుడు చివరిదాకా చదివి, ఇది ఎవరికి, ఎక్కడ అని అడుగుతుంది. థియేటర్లో కొందరికి విసుగు పుట్టి పిలవడం తగ్గించారు.

చలికాలం మొదట్లో అక్క ఒక గది చూసుకుంది. మిల్లుకి దూరంగా, మూడో అంతస్తులో. మైనా ఎంత బతిమాలినా ఉండలేదు. "నా మిషను చప్పుడు నాకుండాలే" అంది. సామాను చేర్చే రోజు మైనా, భర్త, కూతురు ముగ్గురూ వెళ్లారు. మిషను బరువు భర్తా కూతురూ పట్టుకున్నారు. గుడ్డల మూట, ఇస్త్రీపెట్టె మైనా ఎత్తుకుంది.

రెండో అంతస్తులో ఒకావిడ తలుపు తీసుకుని బయటికొచ్చింది. కొత్తగా వచ్చినవాళ్లెవరా అని కుతూహలం.

"ఎవరండీ వీళ్లు, మీవాళ్లేనా?"

"మా చెల్లెలు" అంది అక్క, రొప్పుతూ. "అదుగో ఆ పిల్ల దాని కూతురు."

ఆవిడ మైనా మొహంలోకి తేరిపార చూసింది. కళ్లు పెద్దవయ్యాయి. "మిమ్మల్నెక్కడో చూశాను. పేపర్లో కదూ? ఆ సినిమాలో గొంతు మీరేనా? అయ్యో, ఒక్కసారి చెప్పండి, మా ఆయన్ని పిలుస్తానుండండి!"

మైనా నోరు తెరిచింది. ఏం చెప్పాలో తెలీదు. అవునని ఒప్పుకుని నిలబడాలా? ఎవరి ఇల్లు పడితే వీళ్లిలా ఇక్కడికి వచ్చారో ఈ మెట్ల మీదే చెప్పాలా?

"దానికి గొంతు బాగాలేదమ్మా" అంది అక్క. "మాట్లాడొద్దన్నాడు డాక్టరు. పద పద, బరువుతో నిలబెట్టకు."

అని మైనా చేతిలోని ఇస్త్రీపెట్టె లాక్కుని, పై మెట్టు ఎక్కింది. మైనా తల వంచుకుని, గుడ్డల మూట గుండెలకి అదుముకుని, అక్క మడమలని చూస్తూ వెనకే ఎక్కింది.